అమ్మ అడుగు జారకుండా...

ఇంట్లో అన్ని గదులకంటే చిన్నది. ఇల్లు కట్టేటప్పుడు చివరికి మిగిలిన జాగాలో ఇరికించేది. చుట్టాలొస్తే ముందుగా తలుపు మూసేసేది. కానీ వయసు మళ్లిన అమ్మకీ, అత్తగారికీ ఇంట్లో అన్నిటికంటే ప్రమాదమైన గది అదే... స్నానాల గది!

మీ ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లున్నారా? అయితే ఈ వారం ఓ పని చేయండి. వాళ్లు స్నానం చేసి వచ్చిన వెంటనే మీరా గదిలోకి వెళ్లి, చెప్పులు విప్పి, తడి నేల మీద నిలబడి చూడండి. కళ్లజోడుంటే తీసెయ్యండి. ఒక చేత్తో చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకోండి. ఇప్పుడు రెండో చేతికి పట్టుకోవడానికి ఏం దొరుకుతుందో వెతకండి. పంపు దొరుకుతుంది. తలుపు గడియ దొరుకుతుంది. తువ్వాలు వేసుకునే సన్నటి రాడ్డు దొరుకుతుంది. ఒక మనిషి బరువు ఆపగలిగేది మాత్రం ఒక్కటీ దొరకదు.

మన అమ్మలు రోజుకి నాలుగైదుసార్లు, రాత్రిళ్లు మరో రెండుసార్లు వెళ్లొచ్చేది ఆ గదిలోకే!

జారిపడటమంటే మనకి చిన్న మాట. 'కాలు జారింది, నడుం పట్టేసింది' అనుకుంటాం. కానీ ప్రపంచం మొత్తం మీద ఏటా 6 లక్షల 84 వేలమంది కేవలం పడిపోవడం వల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో లెక్క చెప్పింది. ప్రమాదాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఆ చనిపోతున్న వాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. అమెరికాలో ఒక్క 2008 సంవత్సరంలోనే 2 లక్షల 34 వేలమంది బాత్‌రూమ్‌లో దెబ్బలు తగిలి ఆస్పత్రుల అత్యవసర విభాగాలకి చేరారు. వాళ్లలో ప్రతి పదిమందికీ ఎనిమిదిమంది పడిపోయినవాళ్లే. ఎనభై అయిదు దాటినవాళ్లయితే సగందాకా దొడ్డి దగ్గరే దెబ్బ తిన్నారు. అన్ని వసతులూ ఉన్న దేశంలోనే అలా ఉంటే మన సంగతి వేరే చెప్పాలా?

ఆడవాళ్లకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నెలసరి ఆగిపోయాక ఎముకలు గుల్లబారడం ఎక్కువవుతుంది. కొడుకు పడితే బెణుకుతో పోయేది, అమ్మ పడితే తుంటి ఎముక విరుగుతుంది. తుంటి విరిగిన పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. నిన్నటిదాకా తన పని తాను చేసుకుని, నాలుగు ఇళ్లు తిరిగొచ్చిన మనిషి ఒక్క పూటలో మంచానికి అతుక్కుపోతుంది. మంచంలో పడుకోబెడితే పుళ్లూ, ఊపిరితిత్తులకి నెమ్మూ. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికి ఏమవుతుందో ఆ ఇంటి కోడల్ని అడగండి, కూతుర్ని అడగండి!

బావి గట్టు నుంచి పాలరాతి టైల్స్ దాకా

మా తెనాలిని 'ఆంధ్రా ప్యారిస్' అని ముద్దుగా పిలుచుకుంటాం. కొత్తపేట, గంగానమ్మపేట, మారిస్‌పేట, ఏ వీధిలోకెళ్లినా ఓ నాలుగు ఇళ్లు కనిపిస్తాయి... ముందు వరండా, లోపల పెద్ద హాలు, వెనక పెరడు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు. కొన్నిచోట్ల ఒక్కరే. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్ల 38 లక్షలమంది అని తేలింది. ఇప్పుడు ఇంకా ఎక్కువే ఉంటారు.

ఆ పాత ఇళ్లలో ఒకప్పుడు స్నానం బావి దగ్గరే. ఆడవాళ్లకైతే పెరట్లో తడిక చాటు. కాళ్లకింద గరుకు రాతి పలకలు, పక్కన కట్టెల పొయ్యి మీద కాగు. వంగి తోడుకోవడం కష్టమే, కానీ కాలు మాత్రం నిలబడేది. ఎండ పడేది కాబట్టి పాకుడు పట్టినా ఎండిపోయేది. తర్వాత పెరటి దొడ్డి ఇంట్లోకి వచ్చింది, మొజాయిక్ వచ్చింది, దానిమీద నున్నటి టైల్స్ వచ్చాయి. గోడలకి వేసే నిగనిగలాడే పలకల్నే కొందరు నేలకీ వేయించుకున్నారు. నున్నగా మెరిస్తేనే శుభ్రంగా ఉన్నట్టు మనకో నమ్మకం కుదిరింది. ఎండ రాని గది, ఆరని నేల, మెరిసే టైల్స్... ఈ మూడూ కలిస్తే ఇంకేముంది!

ముందు నేల సంగతి

ఉన్న టైల్స్ పగలగొట్టించే స్తోమత అందరికీ ఉండదు. ఫరవాలేదు. పైసా ఖర్చు లేని పనులతో మొదలుపెట్టొచ్చు.

మొదటిది, జిడ్డు వదిలించడం. మన ఇళ్లలో తలంటు పోసుకునే అలవాటు మంచిదే. కానీ నువ్వుల నూనె, సున్నిపిండి, కుంకుడుకాయ పులుసు, సబ్బు, ఈ నాలుగూ కలిసి నేల మీద పల్చటి పొరలా పరుచుకుంటాయి. కంటికి కనిపించదు, కాలికి తెలుస్తుంది. ఉగాదికీ, దీపావళికీ, భోగికీ ఇంటిల్లిపాదీ వరసపెట్టి తలంటుకుంటారు. పెద్దావిడ 'అందరూ అయ్యాక నేను పోసుకుంటాలే' అని చివరికి మిగిలిపోతుంది. అప్పటికి గది గచ్చంతా నూనె! ఆ రోజుల్లో ఆవిడకే మొదటి స్నానం అని రివాజు పెట్టండి. లేదూ, మధ్యలో వేడినీళ్లూ డిటర్జెంటు పొడీ వేసి ఒకసారి గట్టిగా రుద్ది కడిగేయండి.

రెండోది, నీటి ఉప్పు. కాలువ నీళ్లు వాడేచోట ఈ బాధ తక్కువ. తెనాలి దాటి రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్లేకొద్దీ బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. టైల్స్ మీద తెల్లటి చారలు కడతాయి. వాటి సందుల్లో సబ్బు మడ్డి పేరుకుని, తడి తగలగానే జారుడు. దానికోసం చాలామంది యాసిడ్ పోస్తారు. యాసిడ్ పోస్తే చారలు పోతాయి కానీ టైల్స్ సందుల్లోని సిమెంటు కూడా తినేస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలిపి వాడకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి, మూసి ఉన్న గదిలో ఊపిరాడకుండా చేస్తుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, పావుగంట ఆగి బ్రష్షుతో రుద్దితే చాలావరకు వదిలిపోతుంది.

మూడోది, కాళ్లకింద వేసే పట్టాలు. పాత చీర మడతపెట్టి గుమ్మం దగ్గర వేయడం, గోనెసంచి పరవడం మన ఇళ్లలో మామూలే. నున్నటి నేల మీద ఆ మడత మనిషితో సహా జారుతుంది. అడుగున రబ్బరు అతికించి ఉన్న పట్టాలు తెచ్చుకోండి. స్నానం చేసేచోట వేసేవాటికి కింద చిన్న చిన్న రబ్బరు గిన్నెల్లాంటివి ఉంటాయి. అవి నేలని పట్టుకుంటాయి. అయితే వాటిని రోజూ ఎత్తి, గోడకి ఆరేయాలి. లేకపోతే ఆ పట్టా కిందే పాకుడు పట్టి, కొత్త ప్రమాదం మనమే తెచ్చుకున్నట్టవుతుంది. గరుకు టైల్స్ మీదా, చారలు కట్టిన నేల మీదా ఈ గిన్నెలు సరిగా అంటుకోవు. ముందు లాగి చూసి, కదలకపోతేనే వాడండి.

ఎలాగూ నేల మార్పించే ఆలోచన ఉంటే షాపువాణ్ణి 'యాంటీ స్కిడ్' టైల్స్ అడగండి. అయినా పేరు చూసి కొనేయకండి. షాపులోనే ఒక పలక మీద నాలుగు చుక్కలు నీళ్లు పోసి, చెప్పు విప్పి పాదంతో రాసి చూడండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు! పెద్ద పలకలకంటే చిన్న పలకలు మంచివి. సందులు ఎక్కువుంటే కాలికి పట్టు ఎక్కువ. తాపీమేస్త్రికి వాలు గురించి గట్టిగా చెప్పండి. నీళ్లు నిలబడకుండా జాలీ వైపు పోవాలి. అదే సమయంలో వాలు మరీ ఎక్కువైతే ముసలి కాలు దానిమీద నిలవదు. ఇంకొక్క మాట. బాత్‌రూమ్‌లోకి దిగే మెట్టు, దాటే గడప... ఇవి రెండూ పెద్దవాళ్లకి శత్రువులే. తీయడానికి వీల్లేకపోతే వాటి అంచున ఎర్రరంగో, పసుపురంగో గీత వేయించండి. చూపు మసకబారిన కంటికి తెల్లటి నేలలో తెల్లటి మెట్టు ఆనదు.

చేతికి ఒక పట్టు

ఇన్ని జాగ్రత్తల్లోనూ ఒక్కటే చేయగలిగితే దీన్నే చేయండి. గోడకి పట్టుకునే కడ్డీలు బిగించండి. శానిటరీ షాపుల్లో 'గ్రాబ్ బార్' అంటే ఇస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలుది, గుప్పిట్లో ఇమిడే లావు, అంటే సుమారు మూడున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల మందం ఉండాలి. గోడకీ కడ్డీకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల సందుంటే చాలు. అంతకంటే ఎక్కువుంటే పట్టు తప్పిన చెయ్యి అందులోంచి దూరి, మోచెయ్యి ఇరుక్కుపోతుంది. మెరుగు పెట్టిన కడ్డీ తడిచేతికి జారుతుంది కాబట్టి కొంచెం గరుకుగా ఉన్నది ఎంచుకోండి.

ఎక్కడ బిగించాలి? కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి, గుమ్మం లోపల నిలువుగా ఒకటి. మూడూ కుదరకపోతే కమోడ్ దగ్గరది ముందు. ఎత్తు ఎంత అని ప్లంబరు మిమ్మల్ని అడిగితే మీరు చెప్పకండి, అమ్మనే అడగండి. ఆవిణ్ణి తీసుకెళ్లి కూర్చోబెట్టి, లేవమనండి. లేచేటప్పుడు ఆవిడ చెయ్యి గోడమీద ఎక్కడికి వెళ్తుందో అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఆ గుర్తు మీదే కడ్డీ. పుస్తకాల్లో రాసిన కొలతకంటే ఆవిడ చెయ్యి చెప్పిన కొలత మేలు. పక్షవాతం వచ్చి ఒక పక్క బలహీనమైతే బలంగా ఉన్న చేతి వైపు బిగించాలి.

ఇక బిగించే పద్ధతి. మామూలు చెక్క గూటాలూ, స్క్రూలూ పనికిరావు. ఇటుకగోడలోకి దిగి పట్టుకునే యాంకర్ బోల్టులే వేయించండి. బిగించాక మీరో, మీవారో కడ్డీ పట్టుకుని బరువంతా దాని మీదే మోపి వేలాడి చూడండి. గోడ పెచ్చులు రాలినా, కడ్డీ కదిలినా మళ్లీ బిగించమనండి. రబ్బరు గిన్నెలతో గోడకి అంటించుకునే కడ్డీలు కూడా వస్తున్నాయి. వాటిని నమ్ముకోవద్దు. సరిగ్గా బరువు పడినప్పుడే ఊడొస్తాయి. తువ్వాలు రాడ్డు, కుళాయి, వాష్‌బేసిన్ అంచు, వీటిని పట్టుకుని లేచే అలవాటు అసలు చేసుకోనివ్వకండి.

ఖర్చంటారా? మంచి పట్టుచీర ఖరీదులో మూడు కడ్డీలూ, కూలీ కూడా వెళ్లిపోతాయి.

కూర్చుని పోసుకుంటే తప్పేమిటి?

తలమీద నీళ్లు పోసుకునేటప్పుడు కళ్లు మూసుకుంటాం. కళ్లు మూసుకుంటే వయసు మళ్లినవాళ్లకి తూకం తప్పుతుంది. కాబట్టి కూర్చునే పోసుకోవాలి. మన పాతకాలపు పీట మీద కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి పీట పనికిరాదు. మోకాలి ఎత్తున, అంటే ఇంచుమించు 45 సెంటీమీటర్ల ఎత్తున్న స్టూలు కావాలి. నాలుగు కాళ్లకీ రబ్బరు తొడుగులుండాలి. వెనక ఆనుకునేదీ, పక్కన చేతులుంటే మరీ మంచిది. పల్చటి ప్లాస్టిక్ స్టూళ్లు తడినేల మీద కాళ్లు చాపేస్తాయి. ఒక రోజు పగిలి ఊరుకుంటాయి.

స్టూలు ఎత్తయితే బకెట్టు ఎత్తూ పెరగాలి. నేలమీది బకెట్లో మగ్గు ముంచడానికి వంగితే ముందుకి తూలతారు. రెండు ఇటుకలు పేర్చి సిమెంటుతో చిన్న అరుగులా కట్టించండి, దానిమీద బకెట్టు పెడితే చెయ్యి చాపగానే నీళ్లందుతాయి. సబ్బు, తువ్వాలు, మార్చుకునే బట్టలు... అన్నీ కూర్చున్నచోటికే అందాలి. చేత్తో పట్టుకునే షవరు కుదిరితే ఇంకా సుఖం.

ఆడవాళ్లకి మరో ప్రమాదం బట్టలు మార్చుకునేటప్పుడు. తడి లంగా కాళ్లకి చుట్టుకుంటుంది. ఒక కాలు ఎత్తి పొడిబట్టలోకి దూర్చేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాల్సి వస్తుంది. దానికీ స్టూలే మందు. 'కూర్చుని కట్టుకో అమ్మా' అని ఒకటికి పదిసార్లు చెప్పండి. మీ ఇంట్లో చోటుంటే స్నానాల గది బయట ఓ కుర్చీ వేసి, తెర కట్టి, పొడినేల మీద చీర మార్చుకునే ఏర్పాటు చేయండి.

దొడ్డి దగ్గర మొహమాటం వద్దు

ఏళ్లతరబడి గొంతుక్కూర్చున్న అలవాటు. 'ఆ కుర్చీ మీద నాకు కాదు, పైగా అందరూ కూర్చున్నదాని మీద నేనా' అంటారు పెద్దవాళ్లు. ఆ మాటలో ఆచారమూ ఉంది, భయమూ ఉంది. కాదనకండి. కానీ మోకాళ్లు అరిగినవాళ్లు గొంతుక్కూర్చుని లేచేటప్పుడు రెండు ప్రమాదాలు. కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి. గబుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి.

కొత్తగా కమోడ్ పెట్టించలేకపోతే పాతదాని మీద వేసుకునే కమోడ్ కుర్చీలు దొరుకుతాయి. మధ్యలో రంధ్రం, పక్కన చేతులు ఉంటాయి. ఆవిడకి మాత్రమే వేరుగా ఒకటి కొనిస్తే ఆచారం గొడవా ఉండదు. కమోడ్ ఉన్నా, పొట్టిగా ఉంటే లేవలేరు. దానిమీద బిగించుకునే ఎత్తు సీట్లు వస్తున్నాయి. కూర్చున్నప్పుడు పాదాలు రెండూ పూర్తిగా నేలకి ఆనాలి. అది చూసి ఎత్తు నిర్ణయించుకోండి.

మామగారూ, నాన్నగారూ కూడా రాత్రిపూట లేచినప్పుడు నిలబడకుండా కూర్చునే మూత్రానికి వెళ్లడం మంచిది. మంచి నిద్రలోంచి లేచి నిలబడి వెళ్లే మగవాళ్లలో ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోవడం కొందరికి జరుగుతుంది. ఈ సంగతి కోడలు చెప్పలేదు కాబట్టి కొడుకే చెప్పాలి!

వేడినీళ్లూ, కరెంటూ

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కాలికి తెలియదు. గీజరు వేడి 50 డిగ్రీలు దాటకుండా పెట్టించండి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పట్టడం అలవాటు చేయండి. పొయ్యి మీద కాచిన నీళ్ల గంగాళాన్ని పెద్దవాళ్ల చేత మోయించకండి. బకెట్లో వేసే హీటర్ రాడ్డుని స్నానాల గదిలో అసలు వాడకండి. స్విచ్చి ఆపకుండా చెయ్యి పెట్టిన వాళ్ల కథలు ఎన్ని వినలేదు! కరెంటు లీకయితే క్షణంలో సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే పరికరం ఇంటి మెయిన్ దగ్గర ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని అడగండి.

గ్యాస్ గీజరున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. గాలాడని గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తల తిరుగుతున్నట్టుండి మనిషి కుప్పకూలిపోతారు. గ్యాస్ గీజరు బాత్‌రూమ్ బయట, గాలి తగిలేచోటే ఉండాలి.

రాత్రి రెండు గంటలకి...

అమ్మ మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ దాకా ఎన్ని అడుగులు? ఆ దారిలో ఏమేం అడ్డున్నాయి? పిల్లల సైకిలు, ఫ్యాను వైరు, మడతపెట్టిన చాప, నిద్రపోతున్న మనవడు! ఆ దారిని రాత్రిపూట ఖాళీగా ఉంచండి. దారిలో ఒకటి, గదిలో ఒకటి చిన్న దీపాలు తెల్లవార్లూ వెలగనివ్వండి. స్విచ్చి గుమ్మం బయటే ఉండాలి. తలగడ పక్కన టార్చిలైటు, కళ్లజోడు, మంచం పక్కన అరగని అడుగున్న చెప్పులు ఉంచండి. అరిగిపోయిన హవాయి చెప్పులు తడినేల మీద వట్టికాళ్లకంటే ప్రమాదం.

తలుపు సంగతి చాలామందికి తట్టదు. లోపలికి తెరుచుకునే తలుపయితే, లోపల పడిపోయిన మనిషే తలుపుకి అడ్డమవుతారు. బయటినుంచి ఎంత తోసినా రాదు. బయటికి తెరుచుకునేలా మార్పించండి. గడియ బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. అది కుదిరేదాకా 'గడియ వేయొద్దు, తలుపు దగ్గరగా వేసుకో చాలు, ఎవరం రాం' అని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి కూడా! ఒంటరిగా ఉండేవాళ్లయితే కూర్చున్నచోటికీ, నేలమీద పడుకున్నా అందేంత కిందికీ ఒక బెల్లు స్విచ్చి పెట్టించుకోవచ్చు. సెల్‌ఫోను మెడలో సంచీలో వేసుకుని వెళ్లే అలవాటు చేసుకున్నా మంచిదే.

వాళ్లు చెప్పని సంగతి

బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే భయం మొదలైన పెద్దవాళ్లు ఆ భయం నోరు తెరిచి చెప్పరు. మంచినీళ్లు తాగడం మానేస్తారు. సాయంత్రం నాలుగు దాటితే 'దాహం లేదు' అంటారు. రాత్రి మజ్జిగ వద్దంటారు. స్నానం రోజు విడిచి రోజంటారు. మనం ఓపిక తగ్గిందనుకుంటాం. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో మంట, రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం... ఏ పడిపోవడానికి భయపడ్డారో అదే దగ్గరవుతుంది. మీ అత్తగారు నీళ్ల చెంబు పక్కకి నెడుతున్నారంటే ఒకసారి స్నానాల గది వైపు చూడండి.

రక్తపోటు మాత్రలు, నిద్రమాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవాళ్లు ఉన్నట్టుండి లేస్తే తూలతారు. పక్కమీద లేచి కూర్చుని, ఒక నిమిషం ఆగి, తర్వాత నిలబడాలి. మూత్రం మాత్ర ఏ పూట వేసుకుంటే రాత్రి లేవాల్సిన పని తగ్గుతుందో డాక్టరుగార్ని అడగండి. మీ అంతట మీరు మార్చకండి. కళ్లలో పొరలుంటే ఆపరేషన్ వాయిదా వేయకండి.

ఎలా ఒప్పించాలి?

'నేనేమన్నా మంచాన పడ్డానా, ఆస్పత్రిలాగా ఈ కడ్డీలేమిటి?' మా అమ్మ అన్నమాటే ఇది. బిగించిన వారం రోజులూ ఆ కడ్డీ మీద జాకెట్టు ఆరేసింది, దానికి అంతకుమించి పనిలేదని చూపించడానికి. తర్వాత ఎప్పుడో జాకెట్టు తీగ మీదికి మారింది, చెయ్యి కడ్డీ మీదికి వచ్చింది. మేమెవరం ఆ మాటెత్తలేదు.

పెద్దవాళ్లకి ఖర్చు బెంగ కాదు. ఈ గదిలో కూడా ఒకరి సాయం కావాల్సి వచ్చిందన్న బాధ. ఇల్లంతా తన చేతిమీద నడిపిన మనిషికి ఆ నాలుగు గోడల మధ్యా మిగిలినది తన మర్యాదే. కాబట్టి 'నువ్వు పడిపోతావు' అని బెదిరించకండి. 'మాకూ పనికొస్తుందమ్మా, నాకూ మోకాళ్లు పట్టేస్తున్నాయి' అనండి. అబద్ధమేం కాదు, మనకీ వయసొస్తోంది! ఏ రంగు, ఎక్కడ, ఎంత ఎత్తు అన్నీ ఆవిణ్ణే నిర్ణయించనివ్వండి. కడ్డీ ఉంటే ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా స్నానం చేయగలరు. ఇదొక్కటీ అర్థమైతే వాళ్లే ప్లంబర్ని పిలిపిస్తారు.

పండగలకి విదేశాలనుంచీ, పట్నాలనుంచీ వచ్చే అబ్బాయిలకో మాట. అమ్మకి గాజులూ, నాన్నకి కొత్త ఫోనూ తెస్తారు. సంతోషమే. ఈసారి వచ్చినప్పుడు ఒక పూట ప్లంబర్ని పిలిచి, దగ్గరుండి ఈ పని చేయించి వెళ్లండి. ఇది చెల్లెలి పనో, భార్య పనో కాదు.

పడితే ఏం చేయాలి?

కంగారులో చంకల కింద చేతులేసి లేపేస్తాం. వద్దు. ముందు పలకరించండి. ఎక్కడ నొప్పో అడగండి. పడ్డవైపు కాలు పొట్టిగా అయినట్టూ, పాదం బయటికి తిరిగినట్టూ కనిపించినా, కాలు కదపలేకపోయినా తుంటి విరిగిందనే అనుకోండి. నూనె రాయడం, మర్దనా చేయడం, నాటుకట్టు కట్టించడం పనికిరావు. తడి తుడిచి, దుప్పటి కప్పి, 108కి ఫోన్ చేయండి. తుంటి విరిగితే వీలయినంతవరకు రెండురోజుల్లోపల ఆపరేషన్ అయితే మళ్లీ నడిచే అవకాశం ఎక్కువ. 'వయసైంది, ఆపరేషన్ ఎందుకులే' అని ఇంట్లో అట్టేపెట్టకండి. తలకి దెబ్బ తగిలి, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నట్టయితే బాగానే ఉన్నారనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

దెబ్బ లేదనుకుంటే వాళ్లంతట వాళ్లే లేచేలా సాయపడండి. పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లూ చేతుల మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని, నెమ్మదిగా కూర్చోవాలి. ఒకసారి పడ్డవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. ఎందుకు పడ్డారో తెలుసుకోకుండా వదిలేయకండి.

ప్రభుత్వ సాయం

పేద కుటుంబాల్లోని పెద్దవాళ్లకి చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీల వంటివి ఉచితంగా ఇచ్చే 'రాష్ట్రీయ వయోశ్రీ యోజన'ని కేంద్ర ప్రభుత్వం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభించింది. తర్వాత కమోడ్ ఉన్న కుర్చీలూ ఆ జాబితాలో చేరాయి. శిబిరాల్లో పరీక్షించి ఇస్తారు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి వాళ్ల అమ్మకి ఈ సంగతి చెప్పి పుణ్యం కట్టుకోండి. పెద్దవాళ్ల సమస్యలకి 2021 అక్టోబరు 1 నుంచి 14567 నంబరుతో దేశమంతటా 'ఎల్డర్ లైన్' పనిచేస్తోంది. ఫోనుకి డబ్బులుండవు.

ఒక్కసారి సరిచూసుకోండి

* నేల మీద నూనె, సబ్బు జిడ్డు లేకుండా వారానికి రెండుసార్లు రుద్ది కడుగుతున్నారా?
* గుమ్మం దగ్గర పట్టా లాగితే కదులుతోందా?
* మెట్టూ, గడపా మసక వెలుతుర్లో కూడా కనిపిస్తున్నాయా?
* కమోడ్ పక్కన మనిషి బరువు ఆపే కడ్డీ ఉందా?
* స్టూలు కాళ్లకి రబ్బరు తొడుగులున్నాయా?
* కూర్చున్నచోటికే నీళ్లు, సబ్బు, తువ్వాలు అందుతున్నాయా?
* గడియ బయటినుంచి తీయొచ్చా?
* మంచం నుంచి గది దాకా రాత్రిపూట దీపం వెలుగుతోందా?
* అమ్మ రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతోంది?